క్షమాపణ యెవ్వరికి?

హానోయి నగరమున న్గోక్ హా యను పేట యొకటి కలదు. పూర్వమది పూలతోటల పల్లె. నగరము పెరిగి పల్లెను తనలో కలుపుకొన్నది. తోటల స్థానమున ఇండ్లు లేచినవి. త్రోవలు ఇఱుకు సందులైనవి. ఆ సందుల నడుమ హూ టియెప్ అను చిన్న చెఱువొకటి మిగిలినది. ఆ చెఱువు నీట, తుప్పుపట్టి, చక్రములు పైకి కనబడుచు, ఒక పెద్ద లోహఖండము పడియున్నది. అది 1972 డిసెంబరు 27వ తేదీ రాత్రి ఆకాశమునుండి కూలిన అమెరికా బీ-52 బాంబు విమానపు శకలము. చెఱువు చుట్టును జనులు కాపురములు చేయుచున్నారు. అర్ధశతాబ్దము గడచినను ఆ శకలమును ఎవ్వరును తొలగింపలేదు. శక్తి లేక కాదు, ఇచ్ఛ లేక. తమపై నిప్పులు కురిసిన దినములను మఱవరాదని ఆ నగరము దానిని నీటిలోనే యుంచుకొన్నది.

2013 మార్చి 17వ తేదీ ఆదివారమునాడు అమెరికా ప్రజలు తమ ఇండ్లలో కూర్చుండి ఆ చెఱువును చూచిరి. ఎట్లు చూచిరి? చరిత్ర పాఠముగా కాదు, పశ్చాత్తాపముతో కాదు. ‘ది అమేజింగ్ రేస్’ అను టెలివిజన్ పందెములో నొక మజిలీగా చూచిరి. ఇద్దరిద్దరు చొప్పున జట్లుగా కూడిన పోటీదారులు మూటలు భుజమున వేసికొని రొప్పుచు వచ్చిరి. ఆ శకలము చెంత వారికొఱకు ఆచూకీ చీటి దాచియుంచబడినది. చీటి చేతబడినది, చదివిరి, మఱల పరుగెత్తిరి. ఆ నగరమునందే మఱియొక చోట కమ్యూనిస్టు పక్షమును స్తుతించు పాట యొకటి వారికి వినిపింపబడినది. అదియును పందెములో నొక పరీక్షయే. ఆ చెఱువులో నేమున్నది, అది అక్కడికేల వచ్చినది, అది కూలుటకు ముందు దానివంటి విమానములు ఆ నగరమునకేమి చేసినవి అను విషయములు పందెమునకు పనికివచ్చునవి కావు. కావున వానికి తావు లేకపోయినది.

తరువాత నేమి జరిగినది? అమెరికా దేశమున ఆగ్రహము చెలరేగినది. విదేశ యుద్ధములలో పోరాడిన మాజీసైనికుల సంఘము తీవ్రముగా నిరసించినది. ఆ సంఘాధ్యక్షుడు సీ.బీ.ఎస్. సంస్థాధిపతికి లేఖ వ్రాసెను. మా సోదరులు మరణించిన యుద్ధపు చిహ్నమును ఆటవస్తువుగా చేయుదురా యని సైనికులడిగిరి. వారము తిరుగకమునుపే సంస్థ దిగివచ్చినది. మార్చి 24వ తేదీనాటి ప్రదర్శనమునకు ముందు క్షమాపణ ప్రకటించినది. తమకు మిక్కిలి ముఖ్యులైన మాజీసైనికుల మనస్సులను నొప్పించినందులకు, విశేషించి వియత్నాములో పోరాడిన వారిని, వారి కుటుంబములను, బాధపడిన ప్రేక్షకులను క్షమింపవేడినది.

క్షమాపణ మంచిదే. తప్పు చేసి ఒప్పుకొనువానిని మేము తూలనాడము. కాని చదువరులారా, ఆ క్షమాపణలో ఎవ్వరున్నారో చూచితిరి. ఎవ్వరు లేరో కూడ చూడుడు. సైనికులున్నారు. వారి కుటుంబములున్నవి. ప్రేక్షకులున్నారు. హానోయి లేదు. ఆ చెఱువు గట్టున కాపురమున్నవారు లేరు. బాంబులు వేయ వచ్చినవారి పక్షమున పదములు పలుకబడినవి. బాంబులు పడినవారి పక్షమున ఒక్క పదమైనను పలుకబడలేదు. అతిథి యింటివారి పూజాగృహములో చెప్పులతో తిరిగి, తిరిగిపోయిన పిమ్మట తన బంధువులను మన్నింపుమని కోరినట్లున్నది!

ఇందు మేము సైనికులను నిందించుట లేదు. ఆ యుద్ధమున మరణించిన 58,000కు పైబడిన అమెరికనుల పేర్లు వాషింగ్టను నగరమున నల్లని శిలాఫలకములపై చెక్కబడియున్నవి. వారిలో ఎందఱో ఇరువది యేండ్లు నిండీనిండని యువకులు. ఎందఱో నిర్బంధ సైనిక శాసనముచే పట్టుబడి పోయినవారు. యుద్ధము చేయుమని యాజ్ఞాపించినవారు వేఱు. చేసి చచ్చినవారు వేఱు. తల్లి కడుపుకోత ఏ దేశమునందైనను కడుపుకోతయే. మా దుఃఖముతో ఆటలాడవద్దని ఆ వృద్ధసైనికులడిగిన మాట న్యాయమైన మాట. మా ఫిర్యాదు ఆ మాటపై కాదు. అదే మాట హానోయి అడిగిన వినువాడు లేడు. అడుగుననియైనను ఎవ్వరికిని తోచలేదు. మా ఫిర్యాదెల్ల అదియే.

ఆ నగరమునకేమి జరిగినదో ఈ సందర్భమున జ్ఞాపకము చేయుట మా విధి. 1972 డిసెంబరు 18వ తేదీ మొదలు 29వ తేదీ వఱకు, క్రిస్మసు దినము నొక్కదానిని విడిచి, పదునొకండు దినములు అమెరికా విమానములు హానోయి, హైఫాంగు ప్రాంతములపై సుమారు 20,000 టన్నుల బాంబులను గుమ్మరించినవి. పారిసు సంధి సంభాషణలు నిలిచిపోయినవనియు, ప్రత్యర్థిని మఱల బల్లయొద్దకు రప్పింపవలెననియు అధ్యక్షుడు నిక్సను తలపెట్టిన కార్యమిది. డిసెంబరు 22వ తేదీన బాక్ మాయి ఆస్పత్రిపై బాంబులు పడినవి. వైద్యులు, నర్సులు మొదలగు 28 మంది సిబ్బంది అచ్చటనే మరణించిరి. 26వ తేదీ రాత్రి ఖామ్ థియెన్ అను జనసమ్మర్దమైన వీధి నేలమట్టమైనది. ఆ యొక్క వీధిలోనే 270 మందికి పైగా చనిపోయిరి. మృతశిశువును చేతులలో నుంచుకొన్న యొక స్త్రీ విగ్రహము నేడును ఆ వీధిలో నిలిచియున్నది. వియత్నాము ప్రభుత్వము లెక్క ప్రకారము ఆ దినములలో ఈ రెండు నగరములయందును మృతులైన పౌరులు 1,624 మంది. అమెరికా తన బీ-52 విమానములను పదునైదింటిని కోల్పోయినట్లు తానే యొప్పుకొన్నది. దాని వైమానికులును మరణించిరి, బందీలైరి. నెల తిరిగి, 1973 జనవరి 27వ తేదీన, పారిసులో ఒడంబడికపై సంతకములు జరిగినవి.

హూ టియెప్ చెఱువులోని శకలము ఈ కథకు సాక్షి. అది విజయస్తంభమని యొకరనవచ్చును, శ్మశానచిహ్నమని యొకరనవచ్చును. రెండును నిజమే. కాని చీటీలు దాచుకొను గూడు మాత్రము కాదు.

ఒక్క విషయమును పాఠకులు తమలో తాము విచారింతురు గాక. 1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరులో మునిగిన ‘అరిజోనా’ యుద్ధనౌక నేటికిని నీటిలోనే యున్నది. దానిలో 1,177 మంది ప్రాణములు విడిచిరి. అమెరికనులు దానిపై స్మారకమందిరము కట్టి, మౌనముగా వచ్చి, పూలు జల్లి పోవుదురు. ఒకటి దాడికి గురియైన యోడ. ఒకటి దాడికి వచ్చిన విమానము. ఆ భేదమును మేమెఱుగుదుము. అయినను రెండును నీటిలో నున్నవి, రెండును జ్ఞాపకముకొఱకే తీయబడక యున్నవి. ఏ విదేశపు టెలివిజన్ సంస్థయైనను తన పోటీదారులను ఆ స్మారకమందిరమునకు పరుగెత్తించి, చచ్చినవారి పేర్ల క్రింద చీటి దాచి, ముందు దొరకినవారికి ముందంజ యని ప్రకటించిన అమెరికా సహించునా? సహింపదు, సహింపకుండుటయే ధర్మము. మనమైనను సహింతుమా? 1919 ఏప్రిలు 13వ తేదీన రక్తసిక్తమైన జలియన్‌వాలాబాగు గోడలోని తూటాగుంటలలో ఆచూకీ చీటీలు దోపిన మనమూరకుందుమా? కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధికడ గడియారములు చేతబట్టి పరుగెత్తు విదేశీయులను చూచి మన్నెపు ప్రజలు చప్పట్లు చఱతురా? మనకు పవిత్రమైనది మనకు తెలియును. ఇతరులకును పవిత్రమైనది యుండునని తెలిసికొనుటకే దేశాటనము. ఆ తెలివిని ఈయని దేశాటనము ఎన్ని సముద్రములు దాటినను ఇల్లు కదలనట్లే.

ఇది యొక్క దినమున జరిగిన పొరపాటని సరిపుచ్చుకొనరాదు. దోషము ఆ పందెపు స్వభావమునందే యున్నది. 2001 సెప్టెంబరు 5వ తేదీన ప్రారంభమై, నేటికి ముప్పదియైదు దఫాలకు మించి సాగిన యా పందెము అమెరికాలో పలుమార్లు ఎమ్మీ బహుమానములను పొందినది. గెలిచిన జట్టునకు పదిలక్షల డాలర్లు. దాని సూత్రము సులభము: దేశములు దాటుచు, చీటీలు వెదకుచు, పరీక్షలు నెగ్గుచు పోవలెను, మజిలీకి కడపట చేరినవారు సాధారణముగ నింటికి పోవలెను. ఇట్టి సూత్రమున నగరమునకు స్థానమేమి? నగరము అడ్డంకి. దాని వీధులు చిక్కులు. దాని భాష యాటంకము. దాని జనులు త్రోవ చూపు గుర్తుకంబములు. టాక్సీవాడు త్రోవ తప్పిన వాడు శత్రువు. తప్పకున్న వాడు లేనేలేడు. ప్రయాణము చేయువాడు ఒక్క గడియ నిలుచుండి, ఇదేమి, ఇది యెవ్వరిది, దీని వెనుక కథ యేమి యని అడిగెనా, వాడోడిపోయినట్లే. తెలిసికొనగోరినవానికి శిక్షయు, తెలిసికొనక పరుగెత్తినవానికి బహుమానమును ఈయునట్లు ఆ యాట కట్టబడియున్నది. ఇందు పోటీదారుల దోషము స్వల్పము. నియమములను వ్రాసినవారి దోషమే అధికము.

మన దేశమును ఆ పందెము ఎట్లు చూచినదో కూడ చెప్పవలయును. 2003లో ప్రసారమైన దఫాలో బొంబాయి ధోబీఘాటున పోటీదారులు బట్టలుతికిరి. 2004లో కలకత్తాలో మన్ను తొక్కి ఇటుకలు కోసిరి. 2008లో ఢిల్లీలో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసిరి. 2011లో కాశీలో గోడకు పిడకలు కొట్టిరి; అచ్చటి ఘట్టములలోనే ధ్యాననిష్ఠులైన సాధువులను వెదకి వెదకి, వారినుండి పొడుపుమాటలు సంపాదించిరి. కాశీ క్షేత్రమున వారికి కనబడినవి పిడకలును పొడుపుకథయును!

శ్రమలో అవమానమేమని మమ్ముల నొకరడుగవచ్చును. ఏమియు లేదు. ధోబీఘాటున సూర్యోదయమునకు ముందే మోకాలిలోతు నీట నిలుచు రజకుని చేతులకంటె పవిత్రమైన చేతులు ఏ విద్యాలయమునను లేవు. ఇటుకబట్టీలో ఎండకు మాడి, కుటుంబమంతయు కలిసి మన్ను తొక్కు కూలీ ఈ దేశపు మేడలన్నిటిని మోయుచున్నాడు. అతని పనిని ఎవ్వరైనను నేర్చుకొందురేని మేము సంతసింతుము. కాని నేర్చుకొనుట వేఱు, కాసేపు ఆడుట వేఱు. ఒకడు రోజంతయు చేసి పూటగడుపుకొను పనిని మఱియొకడు పది నిమిషములు చేసి, కెమేరావంక చూచి నవ్వి, పదిలక్షల డాలర్లవైపు పరుగెత్తుచున్నాడు. ఆ పది నిమిషములలో పోటీదారుని పేరు, అతని వృత్తి, తోడివానితో అతని సంబంధము తెరపై వ్రాయబడును. అతనికి పని నేర్పినవాని పేరు సాధారణముగ వ్రాయబడదు. గురువునకు పేరు లేదు, శిష్యునకు బహుమానము! ఇటుకకు ఎంత కూలి యిత్తురు, వానకాలమున బట్టీ మూతపడిన ఆ కుటుంబమేమి తినును అను ప్రశ్నలకు ఆ పందెములో విడిది లేదు. కావున శ్రమ కనబడుచున్నది గాని శ్రామికుడు కనబడుట లేదు. అవమానమున్నది ఇచ్చటనే.

ఆ పందెమును సమర్థించువారి మాటలను మేము విననివారము కాము. ఇంటిలోనుండి కదలనివారికి లోకమును చూపుచున్నదని వారందురు. అది కొంత నిజమే. అమెరికాలో ఎందఱో ఆ పందెము చూచియే కొన్ని దేశముల పేర్లు తొలిసారి విని యుందురు. దానివలన యాత్రికులు వత్తురు, ధనము వచ్చునందురు. అదియు కొంత నిజమే కావచ్చును. పోటీదారులలో కొందఱు పేదఱికమును చూచి కన్నీరు పెట్టిరందురు. పెట్టియుందురు, మానవహృదయము ఎక్కడైనను మానవహృదయమే. కాని జాలి జ్ఞానము కాదు. ఈ జనులు దరిద్రులు, మేమదృష్టవంతులము అని తలచి ఇంటికి పోవుటకు విమానమెక్క నక్కఱలేదు. వీరేల దరిద్రులైరి, వీరి దారిద్ర్యములో మా పూర్వుల చేయి యెంత, వీరి చెఱువులో మా విమానమేల యున్నది అని అడిగినవాడే ప్రయాణము చేసినవాడు.

ఇంకను నొక మాట. ఆ పందెము హూ టియెప్ చెఱువునకు పోవుటయే తప్పని మేమనుట లేదు. నిజమునకు అమెరికా యువకులు చూడదగిన స్థలములలో అది మొదటిది. వారచ్చట పది నిమిషములు నిలిచి, గట్టున నున్న ఫలకమును చదివి, ఆ పేటలో ఆ రాత్రి బ్రతికియున్న యొక వృద్ధురాలి మాట వినియుండినయెడల, అంతకు మించిన దేశాటనము లేదు. మాజీసైనికులకును అది యవమానము కాకపోయెడిది. ఏలయన యుద్ధమున నుభయపక్షముల దుఃఖమును చెప్పినపుడు ఏ పక్షమునకును అవమానము లేదు. చెప్పకుండుటవలననే ఉభయులకును అవమానము జరిగినది. సైనికులు కోపించినదియు, హానోయి కోపింపవలసియుండినదియు ఒకే దోషమునకు. కాని సంస్థ ఒకరికి మాత్రమే తల వంచినది. ఏల? సైనికులు అమెరికాలో నున్నారు, వారు టెలివిజన్ చూతురు, వారి కోపమునకు ప్రకటనదారులు భయపడుదురు. హానోయి ప్రజలు ఆ లెక్కలోనివారు కారు. కన్నీటిని కూడ ప్రేక్షకుల సంఖ్యతో తూచు కాలము వచ్చినది!

పరులను ఇంతగా నడిగినవారము మనలను మనమడుగుకొనవలదా? విదేశపు కెమేరా ఏ నగరములోనికిని దొంగతనముగ రాదు. అనుమతిపత్రము చేతబట్టి వచ్చును. హానోయిలో ఆ స్థలమును చూపినదియు, పాట పాడించుటకు ఒప్పుకొన్నదియు ఆ దేశపు అధికారులే కదా! 2012 నుండి ఆ దేశమునందే ఆ పందెమునకు స్వదేశపు రూపమొకటి నడచినది. మన దేశమునను అనుమతులిచ్చినవారు మనవారే. బొంబాయి రేవును, కాశీ ఘట్టమును అద్దెకిచ్చినట్లిచ్చి, మా నగరము అమెరికా తెరపై పడినదని పొంగినవారును మనవారే. పరాయివాని కంటబడిననే గాని మన యూరు మనకు ఊరుగా తోచకపోవుట బానిసత్వపు శేషము. 1947లో జెండా మారినది. ఈ చూపు మారుట కింకను కాలము పట్టునట్లున్నది.

మన తెలుగువారిని కూడ ఈ విచారణనుండి విడువజాలము. నేడు మన పట్టణములనుండి ఎందఱో వియత్నామునకు విహారయాత్రలు చేయుచున్నారు. శుభమే, ఒకప్పుడు పడవలపై తూర్పుదీవులకు పోయిన జాతికి సముద్రయానము క్రొత్త కాదు. కాని నాలుగు దినములలో మూడు నగరములు, పూటకు నాలుగు స్థలములు, స్థలమునకు పది ఛాయాచిత్రములు అని పోవు యాత్ర ఆ పందెమునకు దూరపు చుట్టము కాదా? బహుమానము లేదు, అంతియే భేదము. ఆ శకలము ముందు నిలిచి నవ్వుమోముతో చిత్రము తీయించుకొని, దాని కథ యడుగక మఱలివచ్చినవాడు అమెరికా సంస్థను నిందించుటకు అర్హుడు కాడు. పరాయి దేశమున మనమెట్లు నడచుకొందుమో మన దేశమున పరాయివానిని అట్లే నడచుకొమ్మని అడుగగలము.

కావున మేము కోరునది నిషేధము కాదు. తలుపులు మూసికొనిన దేశము ఊపిరాడక చచ్చును. అతిథులు రావలెను, చూడవలెను, కెమేరాలు తేవలెను. కాని అనుమతినిచ్చునపుడు మన ప్రభుత్వములు మూడు నియమములు విధింపవలెను. మొదటిది: జనులు చచ్చిన చోట్లు, సమాధులు, స్మారకములు, ఆరాధన జరుగు స్థలములు ఆటకు విడిదులు కారాదు; అచ్చటికి వచ్చినవారు గడియారమును బయట విడిచి రావలెను. రెండవది: ఒకని జీవనవృత్తిని పరీక్షగా పెట్టినపుడు ఆ వృత్తి నేర్పినవాని పేరు, ఊరు పోటీదారుని పేరుతో సమానముగ తెరపై పడవలెను, గురువునకీయవలసిన ప్రతిఫలము అతనికి ముట్టవలెను. మూడవది: ఏ నగరమున పందెము నడచినదో ఆ నగరపు కథను ఆ నగరమువాని నోటనే కొన్ని నిమిషములైనను చెప్పింపవలెను. ఇవి కష్టమైన షరతులు కావు. కోట్ల ధనము వెచ్చించి భూగోళమును చుట్టివచ్చు సంస్థకు అయిదు నిమిషముల సత్యము భారము కారాదు. భారమనిరేని వారు మన ఊరిని చూడవచ్చినవారు కారని తెలిసికొని, నమస్కరించి సాగనంపవచ్చును.

హానోయికి చెల్లవలసిన క్షమాపణ మాట మిగిలియున్నది. అది 2013లోనే చెల్లవలసినది. 1972లోనే చెల్లవలసినదని యనువారును కలరు; వారి మాటను మేము కాదనము. ఒక టెలివిజన్ సంస్థ క్షమాపణచే ఖామ్ థియెన్ వీధిలోని తల్లులకు బిడ్డలు తిరిగి రారు. అయినను ఒక్క మాటకు విలువ కలదు. మీ యూరు మా ఆటస్థలము కాదు, మీ దుఃఖము మా చీటి దాచుకొను గూడు కాదు, తెలియక చేసితిమి, మన్నింపుడు అని పదిలక్షల డాలర్ల పందెము నడుపువారు ఆ చెఱువుగట్టు కాపురస్థులకు చెప్పియుండిన, లోకమున కొంత ధర్మము నిలిచియున్నదని పేదదేశముల ప్రజలు నమ్మియుందురు. చెప్పలేదు. పందెము సాగినది. మఱియొక నగరము, మఱియొక చీటి, మఱియొక పరుగు. హూ టియెప్ చెఱువులో ఆ శకలము నేటికిని కదలక యున్నది. పరుగెత్తువారికి దానిని చూచు తీరిక లేదు. నిలువగలవారమైన మనము దానిని చూతము.